ఉప్పు తప్ప

పోయిన ఆదివారం మా మనవరాలు సునీత వచ్చింది. అరకులో రెండు గదుల ఇంట్లో అద్దెకుంటుంది. మొగుడు టూరిస్టులకు జీపు నడుపుతాడు. వానలు పట్టుకుని ఘాటీ రోడ్డు మీద రాళ్లు జారుతుంటే జీపు ఎక్కే వాళ్లు లేరు. వచ్చీ రాగానే తడి చెప్పులు గుమ్మంలో విడిచి నా పొయ్యి దగ్గర కూలబడి, "మామ్మా, సరుకుల కరుసు తగ్గాలంతే ఏటి సెయ్యాల?" అని అడిగింది. ఫోనులో ఎవరో ఆవిడ వారానికి సరిపడా వంట ముందే అనుకుని పొదుపు చేయడమెలాగో చెబుతుంటే రోజూ చూస్తోందట. ఆవిడ చెప్పినట్టు గాజు డబ్బాలు కొనేసరికి ఆ నెల సరుకులు సగమే వచ్చాయని చెప్పి నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత అది, "నువ్వు సిన్నప్పుడు సంతలో ఏటేటి కొనీవారు?" అంది. "ఉప్పు" అన్నాను. "ఇంకా?" అంది. "ఇంకేటి లేదు" అన్నాను. నమ్మలేదు. "అయితే రాసియ్యి. మా గ్రూపులో అందరికీ సదివినిపిత్తాను" అని ఒక నోటుబుక్కు నా ఒళ్లో పడేసి పోయింది.

నాకు అక్షరాలొచ్చింది ముసలితనంలో. ఈ సునీత ఒకటో తరగతి వాచకంలోనే, అది దిద్దుతుంటే పక్కన కూర్చుని నేనూ దిద్దాను. కాబట్టి నా రాత వంకరగా ఉంటుంది, మాట నేరుగా ఉంటుంది. కూరలు రాద్దామనే కూర్చున్నాను. టెంక అంబలి అని పైన రాసి, కింద ఎలా చేయాలో రాయబోతే, చెయ్యి ముందు మా మేనత్త పేరు రాసింది. ఆవిడ లేకుండా ఈ వంటలు చెప్పడం నాకు చేతకాదని అప్పుడు తెలిసింది.

మాది సాలూరు వైపు దిగే కొండల్లో చిన్న ఊరు. మా అమ్మ జ్వరంతో పోయేసరికి నాకు పదేళ్లుంటాయేమో. నా వెనక తమ్ముడు, వాడి వెనక ఇంకా నడక సరిగా రాని చెల్లి. మా అయ్యకి పోడు కొట్టడం వచ్చు, వెదురు నరకడం వచ్చు, ఎలుగుబంటి జాడ చూసి అది ఏ పక్కకు పోయిందో చెప్పడం వచ్చు. వంట రాదు. వంట రాని మగాడు చేసే పనే ఆయనా చేశాడు, సంతకు పోయాడు. అటక మీది కందులు, చింతపండు కావిడితో దించుకుపోయి బియ్యం, సీసాలో నూనె, చెల్లి ఏడిస్తే నోట్లో పెట్టడానికి బిస్కెట్లు తెచ్చేవాడు. ఆ బియ్యం మెత్తగానో పలుకుగానో దించి, నూనెలో మిరపకాయ వేయించి పోసేవాడు. తినేవాళ్లం. ఇంట్లో ఉన్న మంచి తిండి మోసుకెళ్లి దానికంటే తక్కువ తిండి తెచ్చుకుంటున్నామని చెప్పే ఆడమనిషి ఇంట్లో లేదు. ఆషాఢం వానలు మొదలయ్యేసరికి అటక ఖాళీ అయిపోయింది. గాదెలో చోళ్లు, మీరు రాగులంటారు, అడుగు పట్టాయి. సామలు ఇంకా చేలో మోకాలెత్తు కూడా లేవు.

అప్పుడు సంతలో చింతపండు కొనే షావుకారు ఒకడు మా అయ్యతో మాట కదిపాడు. సాలూరులో వాళ్ల చుట్టాలింట్లో అంట్లు తోమడానికి ఒక ఆడగుంట కావాలి, మూడు పూటలా వరన్నం పెడతారు, ఏడాదికో గౌను కుట్టిస్తారు అన్నాడు. మా అయ్య ఇంటికొచ్చి పొయ్యిలో పుల్లలు ఎగదోస్తూ, నా మొహం చూడకుండా, "ఒక నోరు తగ్గుద్ది. దానికీ కడుపు నిండుద్ది" అన్నాడు. ఆయన్ని చెడ్డవాడని నేను రాయను. వానాకాలంలో ముగ్గురు పిల్లల్ని ముందేసుకున్న మనిషి అలాగే ఆలోచిస్తాడు.

ఈ కబురు ఎలా పాకిందో గానీ, నాలుగు రోజులకు మా బుద్రత్త దిగింది. మా అయ్యకు అక్క. బొర్రా అవతల ఊరికి మనువు వెళ్లి, మొగుడు పోయాక అక్కడే ఒంటిగా ఉండేది. పిల్లలు లేరు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. ఆకుల గిడుగు నెత్తిన పెట్టుకుని, గింజల మూట చంకనేసుకుని కురుస్తున్న వానలో వచ్చి, మమ్మల్ని పలకరించకుండా ముందు గాదెలో చెయ్యి పెట్టింది. తర్వాత అటకెక్కింది. దిగి, పెరట్లోకి పోయి చూసింది. పెరట్లో మేం వేసవంతా తిని పారేసిన మామిడి టెంకల కుప్ప ఉంది. ఆవిడ ఆ కుప్ప ముందు చాలాసేపు నిలబడి లోపలికొచ్చింది.

"ఒరే తమ్ముడా, మూడు నెల్ల తిండి బయట పారేసి గుంటని అమ్ముతన్నావేట్రా?"

"అమ్మడమేటప్పా. పనికి పంపుతన్నాను."

"తిరిగొత్తాదా?"

మా అయ్య గుమ్మంలోకి పోయి వాన చూశాడు.

"అయితే ఇను. సామ కొత్త దాకా ఈ ఇల్లు నాను నడుపుతాను. ఉప్పు తప్ప ఒక్క సరుకు కొనను. నడిత్తే గుంట ఇంట్లోనే ఉంటాది. నడవకుండా మద్దెలో నాను ఏదైనా కొన్నానంతే, ఆ రోజే దీన్ని తీసుకుపోయి దింపీ. నాను అడ్డురాను."

"ఉప్పు తప్పా?" అన్నాడు మా అయ్య. నమ్మకం లేక నవ్వొచ్చింది ఆయనకి.

"ఉప్పు కొండ మీద కాయదు కదా మరి" అంది అత్త.

కొత్త అంటే తెలియని వాళ్లుంటారు. మా కొండల్లో ఏ పంటైనా కోయగానే నోట్లో పెట్టకూడదు. సామలకో కొత్త, చిక్కుళ్లకో కొత్త, మామిడికో కొత్త. ముందు దేవతకు పెట్టి పండగ చేసి, ఆ తర్వాతే తినాలి. అందుకని మా అత్త పెట్టిన గడువు సామలు కోసి పండగ చేసే రోజు. అంతవరకు వానాకాలం మొత్తం.

ఇక ఆ వంట. సునీత గ్రూపు వాళ్లు ఇక్కడ జాగ్రత్తగా వినాలి. టెంకలు పగలగొట్టి లోపలి జీడి తీసేవాళ్లం. మెత్తబడినవీ, నల్లమచ్చ పడినవీ, బూజు వాసనేసినవీ అత్త చెయ్యెత్తి విసిరేసేది, ఒకటి అటూ ఇటూ అయినా ఒప్పుకునేది కాదు. మంచివి పొయ్యి మీది తట్టలో పొగకు ఎండబెట్టి, దంచి, ఆ పిండిని బుట్టలో పోసి వాగులో రాళ్ల మధ్య పారే నీళ్ల కింద పెట్టాలి. మూడు పగళ్లు, మూడు రాత్రులు. వాగు ఆ వగరంతా తాగేస్తుంది. అప్పుడు తెచ్చి, గుప్పెడు చోడిపిండి కలిపి కాస్తే అంబలవుతుంది. వాసన చెప్పమంటే, తడిసిన చెక్క మీద ఎండ పడితే వచ్చే వాసన. మొదటి గుక్క ఎవరికీ నచ్చదు. నాలుగో రోజుకు నాలుక దాన్నే అడుగుతుంది.

నూనె మా ఇంట్లోంచి పోయింది. తన మూటలోని వలిసెలు, అవి నూనెగింజలు, వేయించి ఉప్పు లేకుండా దంచి ఆకుకూర మీద చల్లేది. "నూనె గింజలోనే ఉన్నాది. గింజ ఆడికిచ్చి నూనె మనం కొనుక్కోడవేటి" అనేది. పొయ్యి రోజుకు ఒక్కసారే వెలిగేది. ముందు అంబలి, అది దించగానే చిక్కుడు గింజలు, అవి దించాక ఆ నిప్పుల్లో అడవి దుంపలు, ఆఖరికి బూడిద వెచ్చదనంలో రేపటి గింజలు నానడానికి నీళ్ల కుండ. గింజలు ఉడికిన నీళ్లు పారబోస్తే చెయ్యి విరిచేలా చూసేది. ఆ నీళ్లలో చింతచిగురు వేస్తే రేపటి చారు. మూలనున్న తరవాణి కుండ ఎప్పుడూ పూర్తిగా ఖాళీ అయ్యేది కాదు, అడుగున నాలుగు వేళ్లు పులుపు ఉంచి పైన కొత్త గంజి పోసేది. పొద్దున్నే ఆ పుల్లటి వాసనా, తడి కట్టెల పొగా, కోసి నానబెట్టిన వెదురు కొమ్ముల ఘాటూ కలిసి ఇల్లంతా ఒకే వాసన. ఇప్పుడు ఎక్కడైనా వెదురు కొమ్ములు నానబెడితే నేను ఆ గుమ్మం దాటి పోలేను.

ఉప్పు సంగతి వేరు. గల్లుప్పు వెదురు గొట్టంలో పోసి పొయ్యికి పైన వేలాడదీసేది, వానాకాలం చెమ్మకు కరిగిపోకుండా. వంటలో వేసేది కాదు. తినేటప్పుడు ఒక్కొక్కరి ఆకు పక్కన ఒక్కో గల్లు పెట్టేది, ముద్దకోసారి నాకాలి. "ఉప్పు నాలిక్కి కావాల. కుండకెందుకు" అనేది. తమ్ముడు మొదటి ముద్దకే గల్లు నమిలేసి మళ్లీ చెయ్యి చాపితే, "నీ ఉప్పు నువ్వు తిన్నావు. ఇక సప్పిడి తిను బాబూ" అని నవ్వేది గానీ ఇచ్చేది కాదు.

తర్వాత్తర్వాత నేను చదివిన కథల్లో అమ్మలూ అత్తలూ తాము పస్తుండి పిల్లలకు పెడతారు. మా అత్త అలాంటి మనిషి కాదు. వంట దించగానే ముందు తనే కూర్చుని, ఎండిన ఆనపబుర్ర గరిటెతో రెండు బుర్రల అంబలి దొప్పలో పోసుకుని తాపీగా తాగి, మూతి తుడుచుకుని, అప్పుడు మా అయ్యను పిలిచేది. ఊళ్లో ఆడవాళ్లు బుగ్గలు నొక్కుకున్నారు. పక్కింటి సొన్నాయమ్మ ఒకరోజు అడిగేసింది. "ఏటప్పా, మొగోడి కంటే ముందు తినేత్తన్నావు, పిల్లలు సూత్తంటే?" అంది. మా అత్త తొణకలేదు. "ఆకలి మీదున్న సెయ్యి కొలత తప్పుద్దే. ఆకలితో వడ్డిత్తే ఇష్టమైనోడికి ఎక్కువ పడుద్ది, కోపమొచ్చినోడికి తక్కువ పడుద్ది. నాను తిన్నాను, నా సెయ్యిప్పుడు తిన్నగుంది" అంది. నిజంగానే తిన్నగా ఉండేది. మా అయ్యకు మూడు బుర్రలు, నాకు రెండు, తమ్ముడికి ఒకటిన్నర, చెల్లికి ముప్పాతిక. రోజూ అంతే. ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఎవరూ పడుకోబోయేముందు ఏడవలేదు. ఒక నెల గడిచింది. రెండో నెల పడింది. పోయేలా లేదనుకున్న వానాకాలం పోతోంది.

ఇప్పుడు నేను చేసిన పని రాయాలి. ఇది సునీతకు కూడా ఎప్పుడూ చెప్పలేదు.

ఆ వారం అత్తకు కాలు బెణికింది. సంతకు నన్ను పంపింది, సొన్నాయమ్మతో. నా నెత్తి మీద విస్తళ్లు కుట్టే అడ్డాకుల కట్ట. అది ఇచ్చి ఉప్పు తెమ్మంది. ఉప్పూ బెల్లమూ ఒకే మనిషి అమ్మేది, గోనె మీద పక్కపక్కనే పోసుకుని. "ఉప్పేనా గుంటా?" అంది ఆకులు లెక్క చూసుకుని. నేను, "కాదు, బెల్లం" అన్నాను. "బెల్లమా? ఇంట్లో పురుడేటి?" అంది. అవునన్నాను. సొన్నాయమ్మ మిరపకాయల దగ్గర బేరమాడుతోంది, చూడలేదు. తెలియక కొన్నానని గానీ, చిన్నపిల్లని, తీపి మీద ఆశపడ్డానని గానీ రాసుకుంటే నాకు బాగుండేది. నాకు అంతా తెలుసు. సరుకు కొంటే పందెం పోతుంది, పందెం పోతే నన్ను సాలూరు పంపుతారు. అందుకే కొన్నాను.

ఇంటికొచ్చి మూట అత్త ముందు పెట్టాను. విప్పి చూసింది.

"ఉప్పేదే?"

"బెల్లం తెచ్చాను."

"ఆవిడ మార్చేసిందా?"

"లేదు. నానే అడిగాను."

ఆవిడ బెణికిన కాలు చాపుకుని ఉంది. ఆ కాలు మెల్లగా దగ్గరకు తీసుకుంది. "ఎందుకే దాలీ?" అంది. నా పేరు పెట్టి పిలవడం చాలా తక్కువ, ఎప్పుడూ గుంటా అనే.

"నాను సాలూరు పోతాను."

"ఏటున్నాదే ఆ ఊర్లో?"

"అక్కడ సాలు అంతారు. అందరూ. అందుకే దాని పేరు సాలూరు."

చాలు అన్న మాటను మేం సాలు అంటాం. అమ్మ ఉన్నప్పుడు మా ఇంట్లో వడ్డన ఆగేది ఆ మాటతోనే. మేం సాలు అనేదాకా ఆవిడ బుర్ర ఆగేది కాదు. ఒక్కోసారి ఆ మాట ఆలస్యంగా అని అంబలి దొప్ప అంచు దాటి పొంగితే నవ్వేవాళ్లం. అమ్మ పోయాక ఆ మాట అనాల్సిన అవసరం మాకు రాలేదు, మేం అనకముందే కుండ అయిపోయేది. అత్త వచ్చాక కడుపుకు ఆధారం దొరికింది, నిజమే. కానీ కొలత ఆవిడ చేతిలో ఉంది, మా నోట్లో లేదు. రెండు బుర్రలయ్యాక బుర్ర దానంతటదే ఆగేది. అలాంటప్పుడు సాలూరు అని ఒక ఊరుందని విన్నాను. సాలు, ఊరు. అక్కడ జనమంతా చేతులు అడ్డం పెట్టి సాలు సాలు అంటూ ఉంటారని, పెట్టేవాళ్లు వినకుండా పెడుతూనే ఉంటారని అనుకున్నాను. ముసలితనంలో అక్షరాలొచ్చాక బస్సు మీది బోర్డు కూడబలుక్కుని చదివాను. అదంతా ఒకటే మాట. మధ్యలో ఎక్కడా ఖాళీ లేదు.

మా అత్త ముందు నవ్వింది. కడుపు పట్టుకుని, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఎక్కడో ఆగిపోయింది. నన్ను దగ్గరకు తీసుకోలేదు, తిట్టలేదు. లేచి కుంటుకుంటూ పోయి ఆ పూట అంబలిలో బెల్లం ముక్క చితక్కొట్టి వేసింది. "కొన్నదాన్ని పారేత్తామేటి" అంది.

మా అయ్య పొలం నుంచి వచ్చి తాగి, దొప్ప కింద పెట్టాడు.

"ఓడిపోయావప్పా" అన్నాడు. గెలిచినట్టు కూడా అనలేదు, నీరసంగా అన్నాడు.

"ఓడిపోయాను. మాట మాటే" అంది అత్త. "ఒక నోరు తగ్గాలన్నావు కదా. తగ్గుద్ది. గుంటది కాదు. నాది."

"అదేటి?"

"నాను పోతాను సాలూరు. సామ కొత్త దాకా."

"నువ్వు పోతే ఇక్కడ వండేదెవులు?"

"ఇది వండుద్ది. రెండు నెల్లు నా పక్కన కూకుని ఏటి సేసిందనుకున్నావు?"

నేను బెల్లం కొన్న సంగతి ఆయనకు చెబుతుందేమోనని తాగేసిన దొప్పనే మళ్లీ నాకుతూ కూర్చున్నాను. చెప్పలేదు. తనే కొనమన్నట్టు ఉండిపోయింది. ఆ వారమంతా మాకు ఉప్పు లేదు. ఆ వారమంతా నాకు విశ్రాంతీ లేదు. తెల్లారేసరికి లేపి, గింజ ఉడికిందో లేదో గోటితో కాదు, చప్పుడుతో తెలుసుకోమని కుండకు చెవి ఆనించి వినిపించేది. వెదురు కొమ్ముల నీళ్లు రెండుసార్లు వంచమని, తరవాణి అడుగు తగ్గనివ్వొద్దని, ఏ ఆకు ఏ గట్టు మీద ఉంటుందో కుంటుతూనే నడిపించి చూపించేది. పదేళ్ల పిల్లకు పందిరి గుంజలు పట్టుకున్నంత బరువు అది.

సంత రోజున అయ్య కబురు అందుకుని షావుకారు గొడుగేసుకుని మా గుమ్మంలోకే వచ్చాడు. అత్త మూట కట్టుకుని అరుగు మీద సిద్ధంగా ఉంది.

"గుంటనన్నాను గానీ ముసల్దాన్ననలేదే" అన్నాడు.

"గుంటైతే అంట్లే తోముద్ది. నాను తోముతాను, వండుతాను, మీ పిల్లలకి పేలు కూడా సూత్తాను. లాబం నీకు తెలీకపోడవేటి బాబూ" అంది.

అతను నవ్వేశాడు. అలా దిగిపోయింది. ఘాటీ మలుపు దాకా ఆవిడ గొంతు వినబడింది, అతన్ని ఏదో అడుగుతూ. ఇటు తిరిగి చూడలేదు.

ఆ పూట వంట దించి, ముందు నేను తినాలా అని కుండ ముందు కూర్చుండిపోయాను. అయ్య వాకిట్లో ఉన్నాడు. సిగ్గేసింది. తడిక దగ్గరకు లాక్కుని, గోడ వైపు తిరిగి గబగబా తాగేశాను. అప్పుడే ఆయన తడిక తీశాడు. నా మూతికి అంబలి అంటుకుని ఉంది. చూసి, మళ్లీ తడిక వేసి బయటే నిలబడ్డాడు. మర్నాడు ఆయనే బయటి నుంచి, "తిన్నావేటే? తిన్నాకే పిలు. తొందర లేదు" అన్నాడు. ఆ తర్వాత రోజూ అడిగేవాడు.

తప్పులు చేశాను. వాన తగ్గిందని టెంక పిండి రెండో రోజే వాగులోంచి తీసేశాను. తమ్ముడు మొదటి గుక్కే ఉమ్మేశాడు. మిగిలిన పిండి అయ్యే బుట్టలో ఎత్తి మళ్లీ వాగుకు పట్టుకుపోయాడు. "వాగుకి బేగిర్పాటు లేదు. తొందర నీకెందుకు?" అన్నాడు, అంతే. సొన్నాయమ్మ, "గుంట వండుతన్నాది, ముందు గుంటే తింటన్నాది. ఆ అత్తకి తగ్గ కోడలే" అని ఊరంతా చెప్పింది. కానీ ఆవిడే ఒకరోజు గుప్పెడు వలిసెలు తెచ్చి గుమ్మంలో పెట్టిపోయింది. సంతకు మూడుసార్లు వెళ్లాను. మూడుసార్లూ ఉప్పే తెచ్చాను. బెల్లం వైపు చూడకుండా ఉండటానికి ఆ అమ్మే మనిషి ముక్కుపుడకను చూస్తూ నిలబడేదాన్ని.

సామలు పండాయి. ఊరంతా కొత్త తినే రోజు ఖాయం చేశారు. పెద్దలు వచ్చి మా అయ్యను పిలిస్తే, ఆయన చేతులు కట్టుకుని, "మాయింట్లో ఒక మనిషి తక్కువున్నాది. మీరు తినండి. మేం తర్వాత తింటాం" అన్నాడు. కోసిన సామలు ఇంట్లో పెట్టుకుని మేం మళ్లీ టెంక అంబలే తాగాం. ఆయన చీకటితోనే లేచి ఘాటీ దిగి సాలూరు పోయాడు. రెండో రోజు పొద్దు వాలుతుండగా ఇద్దరూ ఎక్కి వచ్చారు. ముందు అత్త, వెనక మూట మోస్తూ మా అయ్య. అక్కడేం మాట్లాడాడో, ఎలా తీసుకొచ్చాడో మాకు చెప్పలేదు.

ఆవిడ వచ్చి ముందు గాదెలో చెయ్యి పెట్టింది. తరవాణి కుండ మూత తీసి వాసన చూసింది. అప్పుడు కూర్చుంది. నేను దగ్గరగా పోయి మెల్లగా అడిగాను, ఆ ఊరు ఎలాగున్నాదని. అందరూ సాలంతారా అని.

"ఒక్కడనలేదే" అంది. "ఆ ఇంట్లో గాదెలు నిండా ఉన్నాయి. సాలన్నోణ్ని మాత్రం నాను సూడలేదు."

ఆ రాత్రి కొత్త సామల అన్నం వండింది తనే. వడ్డిస్తూ రెండు బుర్రల దగ్గర ఆగలేదు. నా మొహం చూస్తూ వేస్తూనే ఉంది. నేను ఆ మాట అనడానికి చాలాసేపు పట్టింది. అనాలని లేక కాదు. ఎలా అనాలో మర్చిపోయాను.

ఆవిడ మా దగ్గరే ఉండిపోయింది. ఊళ్లోనే నా పెళ్లి చేసింది, తమ్ముడి పెళ్లి, చెల్లి పెళ్లి చేసింది, మా అయ్య కంటే ఎక్కువే బతికింది. ఇప్పుడు నా ఇంటికి రేషను బియ్యం వస్తుంది, నూనె ప్యాకెట్టు వస్తుంది, పింఛను వస్తుంది. ఆ రోజులే బాగున్నాయని చెప్పే ముసలాళ్ల మాట వినకండి, వాళ్లు మర్చిపోయి ఉంటారు. మేం ఆకలితో ఉన్నాం. టెంక తినాల్సిన పని ఇప్పుడెవరికీ లేదు, చేయడం సరిగా తెలియకపోతే తినొద్దు కూడా. కానీ సునీత ఇంటికి పోతే నాకు కనబడేది వేరు. చిక్కుళ్లు ఉడికించిన నీళ్లు సింకులో పోస్తుంది, మసాలా ప్యాకెట్టు కొని వేరే నీళ్లలో వేస్తుంది. అన్నం మిగిలితే పారేసి, పొద్దున్న ఇడ్లీ పిండి కొంటుంది. గంజి నిలవబెడితే ఇంటికొచ్చిన వాళ్లు వాసనంటారని భయం. ఒక్కో పూటకు మూడుసార్లు గ్యాసు వెలిగిస్తుంది. అందరికీ పెట్టి ఆఖరికి తను తింటుంది, మిగిలితే. లేకపోతే బిస్కెట్టు. ఆకలి మీద కొట్టుకు పోయి ఏవేవో తెస్తుంది. ఖర్చు ఎక్కడ తగ్గాలని అడిగావు కదమ్మా, ముందు నువ్వు తిని కొట్టుకు పో. మిగతావి నేను వచ్చి చూపిస్తాను.

ఇదంతా రాసి నిన్న సునీతకిచ్చాను. పొయ్యి పక్కనే కూర్చుని మొత్తం చదివింది. నా రాత తప్పులకు రెండు చోట్ల నవ్వింది. బెల్లం దగ్గర నా వైపు చూసింది. చదవడం అయ్యాక నోటుబుక్కు మూసి, "మరి ఆవిడకి అక్కడ ఏటి పెట్టేవోరు మామ్మా?" అని అడిగింది.

ఆవిడ తిరిగొచ్చాక ఎన్నో అడిగాను. ఆ ఇంటికి ఎన్ని తలుపులు, కరెంటు దీపం ఎలా వెలుగుతుంది, రైలు చూశావా అని అడిగాను. ముప్పై ఏళ్లు ఒకే పొయ్యి దగ్గర కూర్చున్నాం. రోజూ తిండి గురించే మాట్లాడుకున్నాం.

"అడగలేదే గుంటా" అన్నాను.